స్వీడన్‌లో సామాజిక ప్రజాస్వామ్యము

సామాజిక ప్రజాస్వామ్యము అనగా హింసాత్మక విప్లవము లేకుండా, ఎన్నికలు మరియు చట్టసభల ద్వారా ఆర్థిక అసమానతలను తగ్గించి, విద్య, వైద్యము, ఉపాధి, వృద్ధాప్య భద్రతలను పౌరులందరి హక్కుగా చేయవలెనను రాజకీయ సిద్ధాంతము. దీనిని దీర్ఘకాలము ఆచరణలో పెట్టిన దేశములలో ఉత్తర ఐరోపాకు చెందిన స్వీడన్ ముఖ్యమైనది. 1889లో స్థాపించబడిన స్వీడన్ సోషల్ డెమొక్రటిక్ పార్టీ చేతిలో 1932 నుండి 1976 వరకు, 1936 వేసవిలో కొద్ది నెలలు మినహా, ప్రధానమంత్రి పదవి ఉన్నది. అయితే ఈ పార్టీ పుట్టిన నాటికి దాని అనుచరులలో అత్యధికులకు ఓటే లేదు. ఆదాయమును బట్టి ఓటును తూచిన దేశము, ఓటు ద్వారా ఆదాయ పంపిణీని మార్చుకొన్న దేశముగా పరిణమించుటయే ఈ చరిత్రలోని ముఖ్యాంశము.

== నేపథ్యము: ధనమును బట్టి ఓటు ==

1866 వరకు స్వీడన్ చట్టసభయైన రిక్స్‌డాగ్ నాలుగు వర్గముల సభగా ఉండేది. ప్రభువులు, మతాధికారులు, పట్టణ వర్తకులు, భూమి గల రైతులు వేర్వేరుగా సమావేశమయ్యేవారు. లూయీ డి యేర్ నాయకత్వమున జరిగిన సంస్కరణతో దీని స్థానములో రెండు సభల పార్లమెంటు వచ్చినది. పేరుకు ఇది ఆధునిక చట్టసభయే. కాని దిగువసభకు ఓటు వేయుటకు పురుషుడై యుండి, 1,000 రిక్స్‌డాలర్ల విలువ గల స్థిరాస్తి కాని, సంవత్సరమునకు 800 రిక్స్‌డాలర్ల ఆదాయము కాని (లేదా నిర్ణీత విలువ గల కౌలు భూమి కాని) కలిగి ఉండవలెను. ఆ కారణముగా జనాభాలో సుమారు 5 నుండి 6 శాతము మందికి మాత్రమే ఓటు లభించినది. కూలీలు, కర్మాగార కార్మికులు, పాలేర్లు దాదాపుగా అందరూ వెలుపలే మిగిలిపోయారు.

స్థానిక ఎన్నికలలో అసమానత మరింత తీవ్రము. 1862 నాటి నిబంధనల ప్రకారము పన్ను ఎంత ఎక్కువ చెల్లించిన అన్ని ఎక్కువ ఓట్లు. వాణిజ్య కంపెనీలకు సైతము ఓట్లుండేవి. 1871లో 54 గ్రామీణ స్థానిక సంస్థలలో ఒకే ఒక్క ఓటరు చేతిలో మొత్తము ఓట్లలో సగమునకు పైగా ఉన్నవి. ఎగువసభను ఎన్నుకొనునది ఈ స్థానిక సంస్థల ప్రతినిధులే కనుక, ధనికుల బలము నేరుగా ఎగువసభకు చేరేది.

== పార్టీ పుట్టుక ==

1881 నవంబరు 6న ఆగస్ట్ పామ్ అను దర్జీ మాల్మొ నగరములో సామాజిక ప్రజాస్వామ్యము గురించి ప్రసంగించాడు. జర్మనీ, డెన్మార్కులలో పనిచేయుచు ఈ భావములను నేర్చుకొని వచ్చినవాడు ఇతడు. దేశములో ఈ ఉద్యమమునకు ఇదియే ఆరంభముగా చెప్పబడుచున్నది. 1889 ఏప్రిల్‌లో స్టాక్‌హోమ్‌లో కార్మిక సంఘములు, సోషలిస్టు సంఘములు కలిసి పార్టీని స్థాపించినవి. 1898లో కార్మిక సంఘముల సమాఖ్య (ఎల్.ఓ.) ఏర్పడినది. అప్పటి నుండి ఒకే ఉద్యమమునకు పార్టీ ఒక చేయి, సంఘము మరొక చేయి అయినవి.

పార్టీ నాయకుడు యాల్మార్ బ్రాంటింగ్ ఖగోళ శాస్త్రము చదివి పత్రికా సంపాదకుడైనవాడు. 1896లో లిబరల్ పార్టీ మద్దతుతో దిగువసభకు ఎన్నికై, 1902 వరకు అక్కడ తమ పార్టీకి ఏకైక సభ్యుడుగా ఉన్నాడు. మొదట ఓటు హక్కు, దాని ద్వారా సంస్కరణలు అన్నది అతని మార్గము. తుపాకీ పట్టకుండా ఓటు కొరకు ఎదురుచూచుట ఉద్యమములో అందరికీ నచ్చలేదు. 1917లో వామపక్షము వారు విడిపోయి వేరు పార్టీ పెట్టుకొన్నారు.

== ఓటు హక్కు పోరాటము ==

1893, 1896లలో ఓటు లేనివారు తమలో తామే ఎన్నికలు జరుపుకొని "ప్రజల పార్లమెంటు" పేరుతో సమావేశమయ్యారు. 1902 మే నెలలో లక్షమందికి పైగా కార్మికులు ఓటు హక్కు కొరకు మూడు రోజులు సమ్మె చేశారు. 1907లో కన్సర్వేటివ్ ప్రధాని ఆర్విడ్ లిండ్‌మన్ కాలమున అంగీకరించబడి, 1909లో ధ్రువపరచబడిన సంస్కరణ ద్వారా 24 ఏండ్లు నిండిన పురుషులకు దిగువసభ ఓటు లభించినది. అయితే పన్ను బకాయిలు వంటి షరతులు తొలగలేదు. స్థానిక ఎన్నికలలో ఒక్కొక్కరికి గరిష్ఠముగా 40 ఓట్లు అను పరిమితి మాత్రము వచ్చినది.

ఈ సంస్కరణలో స్త్రీలకు చోటు లేదు. సోషల్ డెమొక్రాట్లు సూత్రప్రాయముగా స్త్రీల ఓటును సమర్థించినను, పురుషుల ఓటును ముందు సాధించుటకై దానిని వాయిదా వేశారు. స్త్రీల ఓటు హక్కు సంఘములు 1914 నాటికి మూడున్నర లక్షల సంతకములు సేకరించి పార్లమెంటుకు సమర్పించినవి.

1917లో ఆహార కొరత వలన దేశమంతటా అలజడులు చెలరేగినవి. ఆ ఏడాది అక్టోబరులో నీల్స్ ఎదేన్ నాయకత్వమున లిబరల్, సోషల్ డెమొక్రటిక్ సంకీర్ణ ప్రభుత్వము ఏర్పడినది. మంత్రివర్గము రాజు ఇష్టముపై కాక చట్టసభ విశ్వాసముపై ఆధారపడవలెనని రాజు ఐదవ గుస్తావ్ అంగీకరించినది ఈ సందర్భములోనే. 1918 నవంబరులో పొరుగునున్న జర్మనీలో రాజరికము కూలిపోగా, స్వీడన్ ఎగువసభలోని సంపన్న వర్గము కూడ దిగివచ్చినది. డిసెంబరులో సమాన ఓటు సూత్రము ఆమోదము పొందినది. 1921 సెప్టెంబరు ఎన్నికలలో స్త్రీలు మొదటిసారి ఓటు వేశారు. ఐదుగురు స్త్రీలు పార్లమెంటులో ప్రవేశించారు. యాదృచ్ఛికముగా అదే 1921లో మద్రాసు శాసనమండలి స్త్రీలకు ఓటు హక్కును ఆమోదించినది. అయితే కోస్తాంధ్ర, రాయలసీమలు కూడ భాగమైన ఆ రాష్ట్రములో ఓటు ఆస్తిపన్ను అర్హతలకు లోబడియే ఉండేది.

స్వీడన్‌లోను బీదరికము ఓటుకు అడ్డుగా ఉండుట 1921తో పూర్తిగా ముగియలేదు. శాశ్వతముగా పేదల సహాయ నిధిపై బ్రతుకువారికి 1945 వరకు ఓటు లేదు. ఆకలికి చేయి చాచిన మనిషి పౌరసత్వములో కొంత కోల్పోవలసి వచ్చేది. తరువాతి సంక్షేమ చట్టములు "దానము" కాక "హక్కు" అను రూపమున ఏల ఉండవలెనని పార్టీ పట్టుబట్టినదో దీనిని బట్టి అర్థము కాగలదు.

== "ప్రజల ఇల్లు" ==

బ్రాంటింగ్ 1920లో ప్రధాని అయ్యాడు. ఎన్నికల మార్గమున అధికారమునకు వచ్చిన తొలి సోషల్ డెమొక్రటిక్ ప్రభుత్వములలో ఇది ఒకటి. 1921లో ఇతనికి నోబెల్ శాంతి బహుమతి లభించినది. కాని 1920లలో పార్టీకి స్థిరమైన మెజారిటీ లేక ప్రభుత్వములు తరచు మారినవి.

బ్రాంటింగ్ మరణానంతరము నాయకుడైన పేర్ ఆల్బిన్ హాన్సన్ 1928 జనవరిలో పార్లమెంటులో చేసిన ప్రసంగములో దేశమును ఒక మంచి ఇంటితో పోల్చాడు. మంచి ఇంటిలో సొంత బిడ్డ, సవతి బిడ్డ అను భేదము ఉండదనియు, దేశము కూడ అట్లే ఉండవలెననియు దాని సారాంశము. ఈ "ప్రజల ఇల్లు" అను భావన వలన పార్టీ కార్మికుల పక్షము మాత్రమే కాక జాతి మొత్తము యొక్క పక్షముగా కనిపించసాగినది.

1931 మే 14న ఆడలెన్ ప్రాంతములో సమ్మె కార్మికుల ఊరేగింపుపై సైన్యము కాల్పులు జరుపగా ఐదుగురు మరణించారు. మరుసటి సంవత్సరము ప్రపంచ ఆర్థిక మాంద్యము నడుమ జరిగిన ఎన్నికలలో సోషల్ డెమొక్రాట్లు 41.7 శాతము ఓట్లతో గెలిచి ప్రభుత్వమును ఏర్పరచారు.

== 1933 ఒప్పందము ==

మెజారిటీ లేని హాన్సన్ ప్రభుత్వము 1933 మే నెలలో రైతుల పార్టీతో ఒడంబడిక చేసుకొన్నది. వ్యవసాయోత్పత్తుల ధరలకు రక్షణ కల్పించుటకు కార్మికుల పార్టీ ఒప్పుకొన్నది. నిరుద్యోగులకు మార్కెట్ కూలి రేటుపై ప్రభుత్వ పనులు కల్పించుటకు రైతుల పార్టీ ఒప్పుకొన్నది. అంతకుముందు సహాయ పనులలో కూలి మార్కెట్ రేటు కంటె తక్కువగా ఉండేది. దీనిని ప్రత్యర్థులు "ఆవుల బేరము" అని ఎగతాళి చేశారు. అదే సంవత్సరము జర్మనీలో హిట్లర్ అధికారము చేపట్టి పార్లమెంటరీ వ్యవస్థను అంతము చేశాడు. అదే మాంద్యమును స్వీడన్ మాత్రము చట్టసభలోని రాజీ ద్వారా ఎదుర్కొన్నది.

1938లో స్టాక్‌హోమ్ సమీపమున గల సాల్ట్‌షెబాడెన్‌లో కార్మిక సమాఖ్య, యజమానుల సమాఖ్యల మధ్య ఒప్పందము కుదిరినది. ప్రభుత్వ జోక్యము లేకుండా వేతన వివాదములను తామే చర్చలతో పరిష్కరించుకొను పద్ధతి దీనితో స్థిరపడినది.

== సంక్షేమ రాజ్య నిర్మాణము ==

హాన్సన్ 1946లో మరణించగా తాగె ఎర్లాండర్ ప్రధాని అయి 23 సంవత్సరములు పాలించాడు. ఆర్థికమంత్రి ఎర్నెస్ట్ విగ్‌ఫోర్స్, సాంఘిక మంత్రి గుస్తావ్ మొల్లర్ ఈ వ్యవస్థకు పునాదులు వేసినవారు. ముఖ్యమైన సంస్కరణలు:

* 1934 – నిరుద్యోగ భీమా నిధులకు ప్రభుత్వ సహాయము
* 1938 – కార్మికులందరికి రెండు వారముల వేతన సెలవు
* 1948 – పిల్లలందరికి, తల్లిదండ్రుల ఆదాయముతో నిమిత్తము లేకుండా, భృతి
* 1955 – దేశవ్యాప్త ఆరోగ్య భీమా
* 1960 – సంపాదనను బట్టి అనుబంధ పింఛను
* 1962 – అందరికి ఉమ్మడిగా తొమ్మిదేండ్ల పాఠశాల విద్య
* 1965–1974 – పది లక్షల ఇండ్ల నిర్మాణ పథకము

వీటిలో పింఛను చట్టము అతి వివాదాస్పదము. 1957 ప్రజాభిప్రాయ సేకరణలో మూడు ప్రతిపాదనలలో దేనికీ సగము ఓట్లు రాలేదు. 1959లో దిగువసభలో 115–114 ఓట్లతో, ఒక్క ఓటు తేడాతో, బిల్లు నెగ్గినది. లిబరల్ సభ్యుడు తూరె కోనిగ్‌సన్ ఓటింగుకు దూరముగా ఉండుటయే దీనికి కారణము.

ఆర్థిక రంగములో ఎల్.ఓ. ఆర్థికవేత్తలు యోస్తా రేన్, రుడోల్ఫ్ మైడ్‌నర్ 1951లో ఒక విధానమును రూపొందించారు. కంపెనీ లాభములతో సంబంధము లేకుండా సమాన పనికి సమాన వేతనము చెల్లించవలెను. చెల్లించలేని కంపెనీ మూతపడినచో, ప్రభుత్వము ఆ కార్మికులకు కొత్త పని నేర్పి బలమైన పరిశ్రమలకు మార్చవలెను. రక్షణ ఉద్యోగమునకు కాక ఉద్యోగికి అన్నది దీని సూత్రము.

ఈ కాలపు మేధావులలో గున్నార్ మిర్డాల్, ఆల్వా మిర్డాల్ దంపతులు ప్రసిద్ధులు. ఆల్వా 1955 నుండి 1961 వరకు భారతదేశములో స్వీడన్ రాయబారిగా ఉన్నారు. గున్నార్ దక్షిణాసియా పేదరికముపై రచించిన "ఏషియన్ డ్రామా" 1968లో వెలువడినది.

== ఆర్థిక ప్రజాస్వామ్యము: ఆగిపోయిన మూడవ మెట్టు ==

రాజకీయ ప్రజాస్వామ్యము, సామాజిక ప్రజాస్వామ్యము సాధించిన పిదప, పరిశ్రమల యాజమాన్యములో కూడ ప్రజలకు భాగముండవలెనను వాదము 1970లలో బలపడినది. పెద్ద కంపెనీల లాభములలో కొంత భాగమును వాటాల రూపమున కార్మిక నిధులకు బదలాయించవలెనని మైడ్‌నర్ ప్రతిపాదించాడు. 1976లో పార్టీ ఓడిపోయినది. 1982లో ఉలోఫ్ పాల్మె నాయకత్వమున తిరిగి గెలిచి, ఎంతో బలహీనపరచిన రూపములో ఈ చట్టమును తెచ్చినది. 1983 అక్టోబరు 4న స్టాక్‌హోమ్‌లో దీనికి వ్యతిరేకముగా పదుల వేల మంది ఊరేగింపు జరిపారు. 1991లో వచ్చిన కార్ల్ బిల్ట్ ప్రభుత్వము ఈ నిధులను రద్దు చేసినది. ఓటర్లు సంక్షేమమును ఆమోదించినంతగా యాజమాన్య మార్పును ఆమోదించలేదు. పార్టీ ఆ తీర్పుకు లోబడినది.

పాల్మె 1986 ఫిబ్రవరి 28న స్టాక్‌హోమ్ వీధిలో హత్యకు గురయ్యాడు.

== విమర్శలు ==

"ప్రజల ఇల్లు" అందరినీ సమానముగా ఆదరించలేదు. 1934, 1941 చట్టముల క్రింద, 1975 వరకు సుమారు 63,000 మందికి సంతాన నిరోధక శస్త్రచికిత్సలు జరిగినవి. వీరిలో అత్యధికులు స్త్రీలు. అనేకులపై ఒత్తిడి, నిర్బంధము ప్రయోగించబడినవి. పార్లమెంటు ఆమోదించిన చట్టములే ఇందుకు ఆధారము. 1999లో బాధితులకు నష్టపరిహారము చెల్లించుటకు చట్టము చేయబడినది. మెజారిటీ ఓటు ఒక్కటే బలహీనుని కాపాడదనుటకు ఇది నిదర్శనము. రెండవ ప్రపంచ యుద్ధములో తటస్థముగా ఉండుచునే జర్మనీకి ఇనుప ఖనిజము అమ్ముట, జర్మన్ సైనికులను తన రైళ్ళలో ప్రయాణించనిచ్చుట కూడ విమర్శలకు గురియైనవి.

== తరువాతి కాలము ==

1990ల ఆరంభములో బ్యాంకులు సంక్షోభములో పడి, నిరుద్యోగము పెరిగినది. ఆ తరువాత సోషల్ డెమొక్రటిక్ ప్రభుత్వములే ఖర్చులను తగ్గించినవి. 1960 నాటి పింఛను పద్ధతి స్థానములో, పలు పార్టీల అంగీకారముతో, కొత్త పద్ధతి వచ్చినది. 1995లో దేశము ఐరోపా సమాఖ్యలో చేరినది.

2021 నవంబరులో మాగ్దలేనా ఆండెర్సన్ దేశపు తొలి మహిళా ప్రధాని అయినారు. స్త్రీలు మొదటిసారి ఓటు వేసిన నాటికి అది సరిగా నూరు సంవత్సరములు. 2022 ఎన్నికలలో ఆమె పార్టీ 30.3 శాతముతో అతి పెద్ద పార్టీగా నిలిచినను, ప్రత్యర్థి కూటమి 176–173 స్థానములతో అధికారము పొందినది. ఆ ఎన్నికలలో 20.5 శాతము ఓట్లు పొందిన "స్వీడన్ డెమొక్రాట్లు" అను పార్టీ వేరు. వలసలను వ్యతిరేకించు ఆ పార్టీకి సోషల్ డెమొక్రాట్లతో సంబంధము లేదు.

== భారతదేశముతో పోలిక ==

స్వీడన్‌లో ఓటు హక్కు 1866 నుండి 1921 వరకు మెట్లు మెట్లుగా విస్తరించినది. భారతదేశము 1950 రాజ్యాంగముతో వయోజనులందరికి ఒకేసారి ఓటు ఇచ్చినది. స్వీడన్‌లో ఓటు కొరకు పోరాడిన కార్మిక సంఘములే తరువాత సంక్షేమ చట్టములకు అండగా నిలిచినవి. అందువలన ఓటు పొందిన పదిహేనేండ్లలోపే చట్టముల రూపమున ఫలితము కనిపించసాగినది. ఓటు హక్కుకు తోడు, ఆ ఓటును వినియోగించు సంఘటిత శక్తి ఎంత అవసరమో విద్యార్థులు ఈ చరిత్ర నుండి గ్రహింపవచ్చును.

== ఇవి కూడా చూడండి ==

* ప్రజాస్వామ్యము
* సార్వజనిక వయోజన ఓటు హక్కు
* సంక్షేమ రాజ్యము
* గున్నార్ మిర్డాల్