కోరల్ స్కాలర్‌షిప్: పాటకు ప్రతిఫలంగా చదువు

చర్చిలోనో, కళాశాల ప్రార్థనామందిరంలోనో గాయకబృందంలో పాడే పిల్లలకూ యువకులకూ అందుకు బదులుగా చదువు, తిండి, వసతి లేదా కొంత సొమ్ము ఇచ్చే ఏర్పాటును కోరల్ స్కాలర్‌షిప్ అంటారు. ఐరోపా అంతటా ఇది ఏదో ఒక రూపంలో ఉన్నా, స్థిరమైన వ్యవస్థగా ఎదిగి నేటికీ నిలిచి ఉన్నది ముఖ్యంగా ఇంగ్లండులో. పేరు వింటే ఉపకారవేతనం అనిపిస్తుంది గానీ శతాబ్దాల పాటు ఇది కూలి. మందిరానికి లేత గొంతు కావాలి, పేద కుర్రాడికి అన్నం కావాలి. పాడేవాడి భవిష్యత్తు మీద డబ్బు పెట్టాలన్న ఆలోచన 19వ శతాబ్దం దాకా బలపడలేదు. అందుకే ఈ చరిత్రలో ఎవరు మంచి చేశారో, ఎవరు చేయలేదో తేల్చడానికి ఒక్క ప్రశ్న చాలు: గొంతు మారిన తరువాత ఆ కుర్రాణ్ణి ఏం చేశారు?

పునాదులు

జర్మనీలోని లైప్జిగ్ నగరంలో సెయింట్ థామస్ గాయకబృందం తన పుట్టుకను 1212తో లెక్కించుకుంటుంది. ఇంగ్లండులో ఈ పద్ధతికి శాసనబద్ధమైన రూపం ఇచ్చినవి విశ్వవిద్యాలయ కళాశాలలు. విలియం ఆఫ్ వైకమ్ 1379లో ఆక్స్‌ఫర్డ్‌లో న్యూ కాలేజీని, ఆరవ హెన్రీ రాజు 1441లో కేంబ్రిడ్జిలో కింగ్స్ కాలేజీని, విలియం వేన్‌ఫ్లీట్ 1458లో ఆక్స్‌ఫర్డ్‌లోనే మాడ్లెన్ కాలేజీని స్థాపించారు. మూడింటి నిబంధనల్లోనూ బాలగాయకుల సంఖ్య 16. రోజూ ప్రార్థనలు జరగాలి, స్థాపకుడి ఆత్మశాంతికి పాటలు సాగాలి. పిల్లల్ని పోషించింది అందుకే.

కింగ్స్ కాలేజీ నిబంధనలు చదివితే ఈ బేరం స్పష్టంగా కనిపిస్తుంది. పిల్లలు పేదవారై ఉండాలి, చదవడం, పాడడం వచ్చి ఉండాలి. కళాశాల వారికి తిండి, బట్ట, చదువు ఇస్తుంది. వాళ్లు మందిరంలో పాడడంతో పాటు భోజనశాలలో పెద్దలకు వడ్డన కూడా చేయాలి. 1596లో ఇక్కడ బాలగాయకుడిగా చేరినవాడు ఓర్లాండో గిబ్బన్స్. తరువాతి కాలంలో రాజమందిరంలో ఆర్గన్ వాయిద్యకారుడై, ఆనాటి ఇంగ్లీషు సంగీతకర్తల్లో అగ్రశ్రేణికి చేరాడు. 1598లో అతను అదే కళాశాలలో విద్యార్థిగా నమోదైనప్పుడు దక్కిన హోదా ‘సైజర్’, అంటే పరిచర్యలు చేస్తూ తక్కువ ఖర్చుతో చదువుకునే పేద విద్యార్థి. పాట గుమ్మం దాటించింది, లోపల నిలదొక్కుకోవడానికి మళ్లీ చాకిరీయే దిక్కయింది.

పట్టుకుపోయిన పిల్లలు

రాజుగారి సొంత ప్రార్థనామందిరమైన ‘చాపెల్ రాయల్’కు స్కాలర్‌షిప్ ఆశ చూపించే అవసరం కూడా లేకపోయింది. దేశంలో ఏ చర్చిలో మంచి గొంతున్న పిల్లవాడు కనబడినా తీసుకుపోవచ్చని 1484లో మూడవ రిచర్డ్ తన మందిర గాయకుడికి అధికారపత్రం ఇచ్చాడు. తరువాతి రాజులూ ఈ పద్ధతిని కొనసాగించారు. వ్యవసాయం మీద పద్యాలు రాసి పేరు తెచ్చుకున్న 16వ శతాబ్దపు కవి థామస్ టస్సర్ చిన్నతనంలో ఇలా పట్టుబడినవాడే. చివరికి లండన్‌లోని సెయింట్ పాల్స్ బృందానికి చేరి, అక్కడ మంచి గురువు దొరికి, ఈటన్ మీదుగా కేంబ్రిడ్జికి వెళ్లగలిగాడు. అందరికీ ఆ అదృష్టం పట్టలేదు.

ఈ అధికారం ఎంత దుర్వినియోగమైందో 1600లో జరిగిన ఒక ఉదంతం చెబుతుంది. చాపెల్ రాయల్ పిల్లల పెద్ద నథానియల్ గైల్స్, అతని భాగస్వాములు కలిసి బడికి వెళ్తున్న థామస్ క్లిఫ్టన్ అనే 13 ఏళ్ల కుర్రాణ్ణి దారిలోనే పట్టుకుపోయారు. మందిరంలో పాడించడానికి కూడా కాదు, బ్లాక్‌ఫ్రయర్స్ నాటకశాలలో టికెట్టు నాటకాలు ఆడించడానికి. తండ్రి హెన్రీ క్లిఫ్టన్ పలుకుబడి గలవాడు కాబట్టి పిల్లవాణ్ణి విడిపించుకుని, స్టార్ చాంబర్ కోర్టులో ఫిర్యాదు వేశాడు. 1606లో కొత్త అధికారపత్రం ఇచ్చినప్పుడు, ఇలా తీసుకున్న పిల్లల్ని నాటకాల్లో వాడరాదన్న షరతు చేర్చారు.

చిత్రమేమిటంటే, గొంతు మారిన తరువాతి సంగతి ముందుగా ఆలోచించిన సంస్థల్లో ఈ చాపెల్ రాయల్ ఒకటి. ఇంగ్లండు అంతర్యుద్ధ కాలంలో చర్చి బృందగానం మూగబోయింది. 1660లో రాజరికం తిరిగి వచ్చాక హెన్రీ కుక్ అనే సైనికాధికారి ఈ బృందాన్ని మళ్లీ కూడగట్టాడు. ఆయన తయారుచేసిన పిల్లల్లో పెలమ్ హంఫ్రీని 1664లో రెండవ చార్లెస్ రాజు సొంత ఖర్చుతో ఫ్రాన్సు, ఇటలీలకు సంగీతం నేర్చుకోవడానికి పంపాడు. మరో కుర్రాడు హెన్రీ పర్సెల్. 1673లో గొంతు మారినప్పుడు అతనికి ఏడాదికి 30 పౌన్ల భత్యం, బట్టలు మంజూరు చేసి, రాజవాద్యాలు చూసుకునే ఉద్యోగికి సహాయకుడిగా పెట్టారు. ఆ నీడలో కుదురుగా నేర్చుకున్నవాడు 20 ఏళ్లకే వెస్ట్‌మినిస్టర్ అబీలో ఆర్గన్ వాయిద్యకారుడయ్యాడు. 30 పౌన్లకు ఇంత ఫలం ఇచ్చిన స్కాలర్‌షిప్పులు ఎక్కువ లేవు.

లూనెబుర్గ్, వియన్నా

జర్మన్ పట్టణాల్లో బడిపిల్లలు గుంపుగా వీధుల్లో పాడుతూ ఇంటింటా రొట్టె, చిల్లర అడుక్కునే ఆచారం ఉండేది. ఐసెనాక్‌లో చదువుకునే రోజుల్లో మార్టిన్ లూథర్ అలాగే పాడుకుని తిన్నాడు. విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర సంగీతం నేర్చుకుంటూ, జోలె పట్టి మధూకరంతో కడుపు నింపుకున్న ఘంటసాల తెలుగువారికి ఇక్కడ గుర్తుకు రాక మానడు.

అదే ఐసెనాక్‌లో పుట్టి, పదేళ్లకే తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్నవాడు సంగీతకర్త జొహాన్ సెబాస్టియన్ బాఖ్. అన్న ఇంట్లో పెరిగి, 1700లో, 15 ఏళ్ల వయసులో, ఉత్తరాన దూరంగా ఉన్న లూనెబుర్గ్ వెళ్లాడు. అక్కడి సెయింట్ మైకేల్ బడిలో పేద పిల్లల గాయకబృందానికి ఉచిత చదువు, భోజనం ఉండేవి. చేరిన కొద్ది కాలానికే అతని గొంతు మారింది. అయినా బడి అతణ్ణి గెంటివేయలేదు, 1702 దాకా అక్కడే ఉన్నాడు. అక్కడి గ్రంథాలయం, ఆ పట్టణపు ఆర్గన్ విద్వాంసుల సాన్నిహిత్యం ఆయనకు ఎంత ఉపయోగపడ్డాయో సంగీత చరిత్రకారులు నేటికీ చర్చించుకుంటారు. తరువాత 1723 నుంచి 1750లో చనిపోయేదాకా లైప్జిగ్ సెయింట్ థామస్ బడిలో ఇలాంటి పిల్లల్నే తీర్చిదిద్దడం ఆయన ఉద్యోగమైంది.

వియన్నా కథ ఇంత సాఫీ కాదు. 1740 ప్రాంతంలో సెయింట్ స్టీఫెన్స్ కెథెడ్రల్ బృందానికి ఎంపికైన జోసెఫ్ హైడెన్ తరచూ ఆకలితో గడిపాడు. జమీందారుల ఇళ్లలో పాడడానికి పిలుపు వస్తే తిండి దొరుకుతుందని మరింత శ్రద్ధగా పాడేవాడినని ముసలితనంలో చెప్పుకున్నాడు. 1749లో గొంతు మారగానే బయటికి పంపేశారు. ముందు కూర్చున్న కుర్రాడి జడ కత్తిరించిన అల్లరి అందుకు సాకు అయిందంటారు. చేతిలో డబ్బు లేదు, నెత్తిన కప్పు లేదు. సంగీతం చెప్పుకుంటూ, రాత్రిళ్లు వీధుల్లో వాయిస్తూ తనను తాను నిలబెట్టుకున్నాడు.

ఫ్రాంజ్ షూబర్ట్ అదే నగరంలో 1808లో రాజాస్థాన మందిర బృందానికి ఎంపికయ్యాడు. పరీక్షకుల్లో సంగీతకర్త సాలియేరి ఒకడు. ఎంపికతో పాటే నగరంలోని మంచి బడిలో చదువు, హాస్టలు దక్కాయి. గొంతు మారాక 1813లో స్కాలర్‌షిప్ కొనసాగిస్తామన్నారు, లెక్కల్లో మార్కులు పెంచుకోవాలన్న షరతు మీద. షూబర్ట్ ఆ షరతు ఒప్పుకోక ఉపాధ్యాయ శిక్షణకు వెళ్లిపోయాడు. ఈ విషయంలో తప్పు సంస్థదని అనలేం. హైడెన్‌కు జరిగినదానితో పోలిస్తే అరవై ఏళ్లలో దృష్టి చాలా మారింది.

ఎండోమెంటు సొమ్ము ఎటు పోయింది?

ఇంగ్లండులో 18వ శతాబ్దంలో దాతలు పిల్లల పేరిట రాసిన భూముల మీద రాబడి పెరిగింది, పిల్లల పోషణ మాత్రం క్షీణించింది. దీన్ని పట్టుకుని అడిగినది చర్చి అధికారి కాదు, మరియా హ్యాకెట్ అనే మహిళ. 1810లో సెయింట్ పాల్స్ బృందంలో ఉన్న ఒక బంధువుల కుర్రాడి పరిస్థితి చూసి, పిల్లలకు చదువు చెప్పడం లేదని, డబ్బు కోసం కచేరీలకు అద్దెకు పంపుతున్నారని ఆమె బయటపెట్టింది. పాత దస్తావేజులు వెలికితీసి, ఏ ఆస్తి ఎవరి కోసం ఇచ్చిందో చూపించి, కోర్టుకెక్కింది. దేశంలోని కెథెడ్రల్ బళ్లన్నీ పదేపదే తిరిగి చూసి వచ్చింది. 1874లో, 90 ఏళ్లు దాటాక చనిపోయేనాటికి సెయింట్ పాల్స్ పిల్లలకు కొత్త బడి లేస్తోంది. ఈ వ్యాసంలోని రాజులందరికంటే బాలగాయకులు ఎక్కువ రుణపడింది ఈమెకే.

గాయకురాలు జెన్నీ లిండ్ చేసిన పని మరో దారి తెరిచింది. సంగీతకర్త మెండెల్సన్ మరణానంతరం 1848లో లండన్ ఎక్సెటర్ హాలులో ఆయన ‘ఎలైజా’ను పాడి, సుమారు 1,000 పౌన్లు పోగుచేసి, ఆయన పేర స్కాలర్‌షిప్ నిధికి ఇచ్చింది. 1856లో మొదట దాన్ని గెలిచినవాడు చాపెల్ రాయల్ కుర్రాడు, 14 ఏళ్ల ఆర్థర్ సలివన్. ఆ డబ్బుతో రాయల్ అకాడమీలో, తరువాత లైప్జిగ్‌లో చదివి, రచయిత గిల్బర్ట్‌తో కలిసి కూర్చిన హాస్య సంగీత రూపకాలతో ప్రపంచమంతా తెలిసినవాడయ్యాడు. ఈ స్కాలర్‌షిప్‌కు ఏ మందిరంలోనూ పాడవలసిన పని లేదు. డబ్బు పాటకు కాక మనిషికి ఇవ్వడం ఇక్కడ మొదలైంది. 1883లో లండన్‌లో తెరిచిన రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో మొదటి 92 మంది విద్యార్థుల్లో 50 మంది పోటీలో నెగ్గి స్కాలర్‌షిప్ పొందినవారే. అక్కడ గాత్రం చెప్పడానికి నియమితురాలైన తొలి ఆచార్యురాలు జెన్నీ లిండే.

కింగ్స్ కాలేజీ నమూనా

నేడు కోరల్ స్కాలర్ అనగానే తలపుకు వచ్చేది బాలుడు కాదు, విశ్వవిద్యాలయ విద్యార్థి. ఈ మార్పు కింగ్స్ కాలేజీలో ఏ.హెచ్. మాన్ ఆర్గన్ వాయిద్యకారుడిగా ఉన్న కాలంలో (1876–1929) జరిగింది. అంతకుముందు బాలుర పక్కన మగ గొంతులు పాడింది జీవితాంతం జీతం తీసుకునే గాయకులు. వయసు మీరిన గొంతులతో బృందం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. వాళ్లు ఒక్కొక్కరే విరమిస్తుంటే ఆ స్థానాల్లో స్కాలర్‌షిప్ ఇచ్చి విద్యార్థుల్ని తీసుకున్నారు. 1918లో మొదలైన క్రిస్మస్ ముందురోజు పాటల ఉత్సవం 1928లో రేడియోకు ఎక్కడంతో ఈ బృందం స్వరం దేశమంతా చేరింది.

ఈ స్కాలర్ల ఎంపిక పద్ధతి కఠినమైనదే. గాత్రపరీక్షలో సిద్ధం చేసుకున్న పాటతో పాటు అంతకుముందు చూడని స్వరలిపిని అక్కడికక్కడే పాడాలి. కళాశాలలో సీటు మాత్రం చదువు బలంతోనే రావాలి, గొంతు బాగుందని రాదు. చేరాక వారంలో ఎక్కువ రోజులు సాధన, సాయంప్రార్థన, పైగా రికార్డింగులు, యాత్రలు. చేతికొచ్చే సొమ్ము స్వల్పం. అసలు లాభం వేరే ఉంది: మూడేళ్లలో వందల కొద్దీ రచనలు, రెండో అవకాశం లేకుండా, జనం ముందు పాడిన అనుభవం. ఏ సంగీత కళాశాలా దీన్ని తరగతి గదిలో ఇవ్వలేదు. రాబర్ట్ టియర్, జెరాల్డ్ ఫిన్లీ, మార్క్ పాడ్మోర్ ఇక్కడి నుంచి ఒపేరా, కచేరీ వేదికలకు వెళ్లారు. 1968లో ఆరుగురు పూర్వ స్కాలర్లు కింగ్స్ సింగర్స్ అనే బృందం కట్టారు. అది సభ్యులు మారుతూ ఇప్పటికీ పాడుతోంది.

ఖర్చు మాత్రం ఎప్పుడూ వేలాడే కత్తే. 1950లలో కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కాలేజీ తన గాయక బాలుర బడిని మూసేయబోతే బృంద నాయకుడు జార్జ్ గెస్ట్ పోరాడి నిలిపాడు. ఆ బృందాన్ని ఎలాగైనా కాపాడమని సంగీతకర్త వాన్ విలియమ్స్ టెలిగ్రాం ఇచ్చాడు.

ఆడపిల్లల వంతు

వెనిస్ అనాథాశ్రమం ‘పియెటా’లో 18వ శతాబ్దం నాటికే ఆడపిల్లలు బృందగానంలో ఐరోపాను అబ్బురపరిచారు. వారికి వయొలిన్ నేర్పడానికి 1703లో సంగీతకర్త వివాల్డి చేరాడు. ఇంగ్లీషు మందిరాలు మాత్రం శతాబ్దాల పాటు తలుపు తీయలేదు. 1972లో కింగ్స్, క్లేర్, చర్చిల్ కళాశాలలు విద్యార్థినుల్ని చేర్చుకున్నాక, క్లేర్‌లో స్త్రీపురుషులు కలిసి పాడే బృందం వికసించింది. దానికి 1975 నుంచి 1979 దాకా జాన్ రట్టర్ నాయకత్వం వహించాడు. ట్రినిటీ కాలేజీలో రిచర్డ్ మార్లో 1982లో అదే చేశాడు. 1991లో సాల్స్‌బరీ కెథెడ్రల్ బాలికలకు బాలురతో సమానంగా పాడే బృందాన్ని ఏర్పరచింది. సెయింట్ జాన్స్ తన ప్రధాన బృందంలోకి స్త్రీలనూ బాలికలనూ తీసుకున్నది 2022లో. ఆలస్యానికి సంప్రదాయం కారణమంటారు. గొంతు తేడా వినిపిస్తుందన్న వాదన అన్నేళ్లు నిలవడం ఆశ్చర్యమే.

మందిరాల వెలుపల

చదువు ముగించి వృత్తిలో అడుగుపెట్టే దశకు ప్రత్యేక ఏర్పాట్లు ఇటీవలివి. 1953లో క్యాన్సర్‌తో చనిపోయిన గాయకురాలు కాథ్లీన్ ఫెరియర్ పేరిట నెలకొల్పిన నిధి యువ గాయకులకు పోటీ పెట్టి బహుమతులు ఇస్తోంది. హ్యారీ క్రిస్టఫర్స్ 1979లో స్థాపించిన ‘ద సిక్స్‌టీన్’ బృందం 2011లో జెనెసిస్ సిక్స్‌టీన్ ప్రారంభించింది. 18 నుంచి 23 ఏళ్ల గాయకులకు ఏడాది పొడవునా ఉచితంగా బృందగానంలో శిక్షణ ఇస్తారు. దారి ఖర్చులకూ సాయం చేస్తారు కాబట్టి కలిగినవాళ్ల పిల్లలకే పరిమితం కాకుండా ఉండే వీలుంది.

భారతదేశంలో కేంద్ర సాంస్కృతిక వనరుల శిక్షణా సంస్థ (సీసీఆర్‌టీ) 1982లో మొదలుపెట్టిన ప్రతిభాన్వేషణ స్కాలర్‌షిప్‌కు 10 నుంచి 14 ఏళ్ల పిల్లలు పోటీపడవచ్చు. నెగ్గినవారికి డిగ్రీ దాకా పొడిగించే వీలుంది. 18 నుంచి 25 ఏళ్ల కళాకారులకు సాంస్కృతిక మంత్రిత్వ శాఖ రెండేళ్లపాటు నెలకు 5,000 రూపాయల చొప్పున ఇచ్చే పథకం మరొకటి. తెలుగు రాష్ట్రాల పిల్లలు రెండింటికీ అర్హులే. ఈ రెండూ గురువు దగ్గర నేర్చుకునే ఒక్కొక్క విద్యార్థికి ఇచ్చేవి. రోజూ ఒక బృందంలో పాడే పనికి ముడిపెట్టినవి కావు.