నౌకరీ పింఛను, స్త్రీ పురుషులు (బీర్కూర్ ప్రాంతం)

బీర్కూర్ కామారెడ్డి జిల్లాలో మంజీర ఒడ్డునున్న మండల కేంద్రం. 2016 అక్టోబరు దాకా నిజామాబాద్ జిల్లాలోది. నిజాంసాగర్ నీళ్ల మీద వరి పండే ఈ సీమలో వ్యవసాయ కూలీలకు నౌకరీ పింఛను ఎన్నడూ లేదు. సర్కారు నౌకర్లకు ఉండేది. 1952 భవిష్యనిధి చట్టం తర్వాత ఫ్యాక్టరీ కార్మికులకు పీఎఫ్ వచ్చింది. ఈ రెండు చోట్లా ఎక్కువమంది మగవాళ్లే. 1971లో వచ్చిన కుటుంబ పింఛను కూడా కార్మికుడు చనిపోతేనే ఇంటివాళ్లకు అందేది.

ఈ తీరును మార్చింది బీడీ. ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టేది ప్రధానంగా ఆడవాళ్లే. ఠేకేదారు దగ్గర తునికాకు, తంబాకు తెచ్చుకుంటారు. ఇంట్లో ఆకు కత్తిరించి, చుట్టి, దారం కట్టి కార్ఖానాలో అప్పజెబుతారు. కూలి వెయ్యి బీడీల లెక్కన. 1977లో పీఎఫ్ ఈ పరిశ్రమకు వర్తించింది. ఇంటి దగ్గర చుట్టేవాళ్లు తమ కార్మికులే కారని యజమానులు వాదించారు. 1985లో పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. తెలంగాణ పల్లెల్లో ఆడవాళ్ల పింఛను చరిత్రలో ఇంతకంటే పెద్ద తీర్పు లేదు.

1995 నవంబరు 16 నుంచి ఉద్యోగుల పింఛను పథకం అమలైంది. పదేళ్ల సర్వీసుంటే 58 ఏళ్లకు పింఛను. సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చవేసి 70తో భాగిస్తారు. నెల కూలి 3,000, సర్వీసు 15 ఏళ్లయితే వచ్చేది 643 రూపాయలే. 2014 సెప్టెంబరులో కనీస పింఛను 1,000 చేశారు. పదేళ్లు నిండకముందే పైసలు తీసుకుంటే ఆ సర్వీసు పోయినట్టే. పెళ్లి కోసం పని మానేసే ఆడవాళ్లు మిగతావారిలా రెండు నెలలు ఆగకుండానే పీఎఫ్ తీసుకోవచ్చని నిబంధనల్లోనే ఉండేది. పెళ్లి ఖర్చుకు అక్కరకొచ్చిన ఆ వెసులుబాటు ముసలితనానికి చేటే చేసింది.

మగవాళ్లలో చాలామంది గల్ఫ్ బాట పట్టారు. అక్కడ పని వదిలేటప్పుడు ఒక్కసారి ముట్టే సర్వీసు పైసలే తప్ప మన కూలీలకు నెలనెలా పింఛను లేదు. భార్యకు పీఎఫ్ నంబరుండి, దుబాయి నుంచి తిరిగొచ్చిన భర్తకు ఏదీ లేని ఇళ్లు అలా ఏర్పడ్డాయి. మగవాళ్లు ఎక్కువగా ఉన్న సర్కారు, ఫ్యాక్టరీ నౌకరీల ధీమా కూడా తగ్గింది. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరిన సర్కారు నౌకర్లకు పాత పింఛను బదులు సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పింఛను పథకం) వచ్చింది. 2015 డిసెంబరులో బోధన్‌లోని నిజాం షుగర్స్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది.

ఆ ఏడాదే మార్చి నుంచి తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల జీవన భృతి ఇచ్చింది. 2019లో అది 2,016 అయింది. ఇది ఖజానా సొమ్ము, పీఎఫ్ నిధిది కాదు. అయినా 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్‌లో పేరుంటేనే అర్హత అన్నారు. దాంతో అవే బీడీలు చుడుతూ, ఠేకేదారు పీఎఫ్‌లో పేరెక్కించని ఆడవాళ్లు పింఛనుకూ భృతికీ రెండింటికీ దూరమయ్యారు.