స్కైబ్లాక్: ఒక చెట్టు, ఒక పెట్టె, ఒకే ఒక్క బకెట్ లావా.. మైన్‌క్రాఫ్ట్‌లో చెమటలు పట్టించే మ్యాప్ ఇదే!

మైన్‌క్రాఫ్ట్ ఆడే పిల్లలున్న ఇంట్లో స్కైబ్లాక్ అనే పేరు ఎప్పుడో ఒకప్పుడు వినిపించే ఉంటుంది. చాలామంది ఇది కంపెనీ వాళ్లు చేసిందే అనుకుంటారు. కానీ కాదు. నూబ్‌క్రూ అనే పేరుతో ఉన్న ఓ అభిమాని 2011లో తయారు చేసి, అందరికీ ఉచితంగా ఇచ్చిన మ్యాప్ ఇది. శత్రువులు ఎక్కువై కాదు, చేతిలో సరుకు తక్కువై కష్టపెట్టడమే దీని ప్రత్యేకత.

అసలు మైన్‌క్రాఫ్ట్ అంటే?

స్వీడన్‌కు చెందిన మార్కస్ పెర్సన్ 2009లో మొదలుపెట్టిన గేమ్ ఇది. పూర్తి వెర్షన్ 2011 నవంబర్‌లో వచ్చింది. దీన్ని తయారు చేసిన మోజాంగ్ కంపెనీని 2014లో మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లకు కొనేసింది. గేమ్‌లో లోకమంతా చతురస్రాకారపు దిమ్మెలే. తవ్వుకోవాలి, కట్టుకోవాలి. ఫలానా పనే చేయాలన్న రూలేమీ లేదు. అందుకే అభిమానులు సొంతంగా లోకాలు కట్టి, సొంత రూల్స్ పెట్టి ఇతరులకు సవాల్ విసురుతుంటారు. వాటినే మ్యాపులు అంటారు.

స్కైబ్లాక్‌లో ఏముంటుంది?

ఆకాశంలో తేలే ఓ చిన్న మట్టి ద్వీపం. దాని మీద ఒక చెట్టు, ఒక పెట్టె. ఆ పెట్టెలో లావా బకెట్, ఐస్ లాంటి కొద్దిపాటి సరుకులు. కొంచెం దూరంలో ఇంకో చిన్న ఇసుక ద్వీపం. అంతే! కొల్లేరుకు వరదొస్తే లంక గ్రామాల చుట్టూ నీళ్లు కమ్మేసినట్టు, ఇక్కడ చుట్టూ శూన్యమే. తేడా ఏంటంటే, ఇక్కడికి పడవ కూడా రాదు. కాలు జారితే ప్రాణంతో పాటు చేతిలో ఉన్న సరుకంతా పోతుంది. మళ్లీ ద్వీపం మీద పుడతారు గానీ, ఖాళీ చేతులతోనే.

కిటుకు ఎక్కడుంది?

ఐస్ కరిగితే నీళ్లొస్తాయి. పారే లావా పారే నీళ్లకు తగిలితే రాయి పుడుతుంది. ఆ రాయిని తవ్వితే అదే చోట మళ్లీ ఇంకోటి. అలా తరగని రాయి చేతికొస్తుంది. ద్వీపం పెంచుకోవాలన్నా, ఇల్లు కట్టాలన్నా అదే ఆధారం.

కానీ బకెట్‌లోంచి పోసిన లావా మూలం మీదకే నీళ్లు వెళ్తే మాత్రం అది అబ్సిడియన్ అనే నల్లరాయిగా మారిపోతుంది. దాన్ని తవ్వడానికి వజ్రపు గునపం కావాలి, ఆ ద్వీపంలో వజ్రాలుండవు. ఆట దాదాపు అయిపోయినట్టే. విత్తనాల బస్తా వండుకు తిన్నట్టన్నమాట!

చెట్టుదీ అదే కథ. ఆకులు రాలినప్పుడు మొక్క దొరికితే వెంటనే నాటాలి. మొక్క దొరక్కపోతే ఇక కలప ఉండదు.

గెలుపు ఎలా?

దీనికి ముగింపు సీన్ లేదు. మ్యాప్‌తో పాటు ఇచ్చిన సవాళ్ల జాబితానే లక్ష్యం. రాయి పుట్టించే ఏర్పాటు, ఇల్లు, గోధుమ, గుమ్మడి సాగు.. ఇలా ఒక్కోటి పూర్తి చేసుకుంటూ వెళ్లాలి.

కొత్తగా ఆడేవాళ్లకు..

* ముందు లావా, నీళ్లు ఎక్కడ పోయాలో గీసుకోండి. ఆ తర్వాతే బకెట్ తీయండి.
* అంచున నడిచేటప్పుడు వంగి నడిచే బటన్ నొక్కి ఉంచండి. పడిపోరు.
* మట్టి తవ్వేటప్పుడు అది శూన్యంలో పడిపోకుండా చూసుకోండి. కింద పడ్డ దిమ్మె తిరిగి రాదు.
* చీకటి పడితే రాక్షసులు పుడతారు. బొగ్గు గనులుండవు కాబట్టి, కలపను కొలిమిలో కాల్చి బొగ్గు చేసి కాగడాలు పెట్టుకోండి.

మొబైల్‌లో ఆడొచ్చా?

ఆడొచ్చు. అయితే ఫోన్‌లో ఉండేది బెడ్‌రాక్ ఎడిషన్. కంప్యూటర్ జావా ఎడిషన్ కోసం చేసిన ఫైల్ అందులో నేరుగా తెరుచుకోదు. బెడ్‌రాక్ కోసం చేసిన స్కైబ్లాక్ తరహా మ్యాపులు వేరే ఉన్నాయి. మ్యాప్ ఇస్తామంటూ పాస్‌వర్డ్, ఓటీపీ అడిగితే మాత్రం అది మోసమే. గణపవరంలో ఆడినా, ఏలూరులో ఆడినా పిల్లలకు పెద్దలు ముందు చెప్పాల్సింది ఈ మాటే.

ఉన్న కాస్త సరుకును ఖర్చు చేయడం కాదు, దాన్నే పెట్టుబడిగా మార్చుకోవడం.. పదేళ్లు దాటినా ఈ మ్యాప్‌ను జనం ఆడుతున్నది అందుకే.