ప్రిజర్వేషన్ హాలు: ఒక చిన్న సంగీతశాల చరిత్ర



అమెరికా దేశమున మిసిసిపీ నదీతీరమందు న్యూ ఆర్లియన్సు అను రేవుపట్టణము కలదు. ఇరువదవ శతాబ్ద ప్రారంభమున జాజు సంగీతము అచటి నల్లవారి పేటలలో రూపొందెను. బానిసత్వ మనుభవించిన పూర్వుల పాటలు, బ్లూసు అను వేదనాగీతములు, క్రైస్తవ దేవాలయములలోని భజనలు, ఊరేగింపుల బాజాబాకాలు దానికి మూలములు. ఒకరు పల్లవి నెత్తుకొనగా తక్కినవారు తమతమ మనోధర్మము ననుసరించి దాని నల్లుకొనిపోవుటయే ఆ సంగీతమునకు జీవము.

కాలక్రమమున ప్రసిద్ధులు పలువురు ఉత్తరాది నగరములకు వెడలిరి. లూయీ ఆర్మ్‌స్ట్రాంగు 1922లో షికాగో చేరెను. ఊరు విడువని వాద్యకారులు ముదుసలులైరి. 1950 తరువాత క్రొత్త బాణీల సంగీతము ప్రబలుటచే వారికి కచేరీలు కరవయ్యెను. నేను జీవితమంతయు బడిలో గడపినవాడను. గ్రంథస్థమైన విద్య గురువు పోయినను నిలుచును. వ్రేళ్ళలోను గొంతులోను ఉన్న విద్య గురువుతోనే పోవును. అచటి యాపద యిదియే.

సెయింటు పీటరు వీథిలో 726వ నంబరు యింట లారీ బోరెన్‌స్టీను అను నతడు చిత్రపటముల అంగడి నడుపుచుండెను. అంగడి విడిచి కచేరీలకు పోవు తీరిక లేక, అతడా వృద్ధులనే తన కడకు పిలిపించి వాద్యము వినుచుండెను. 1961లో పెన్సిల్వేనియా నుండి వచ్చిన అలన్ జాఫీ, సాండ్రా జాఫీ అను యువదంపతులు ఆ శాల భారమును వహించిరి. ప్రిజర్వేషన్ హాలు, అనగా సంరక్షణశాల, అని దానికి పేరు.

శాల మిక్కిలి చిన్నది. కొన్ని బల్లలు, నేలపై దిండ్లు, అంతియే. తొలినాళ్ళలో మద్యవిక్రయము లేకుండెను. తొలిదినములలో శ్రోతలు బుట్టలో వైచిన సొమ్మే ఆధారము. కోరిన పాటకు వెల తెలుపు పలక యొకటి యుండెను: ప్రాతపాటకు 1 డాలరు, ఇతరములకు 2, అందరు నడుగు 'సెయింట్స్' పాటకు 5 డాలర్లు! దానిని వాయించి వాయించి వాద్యకారులు విసిగియుండిరి.

ఆ కాలమున ఆ ప్రాంతమందు తెల్లవారిని నల్లవారిని వేరుపరచు కట్టుబాట్లు అమలులో నుండెను. 1964 నాటి పౌరహక్కుల చట్టమునకు పూర్వమే, ఈ శాలలో ఉభయులును సరసన కూర్చుండి సంగీతము వినిరి. ఆ దినములలో ఇది సామాన్యసాహసము కాదు.

బ్లూసు గాయని బిల్లీ పియర్సును, బాకా నూదు అంధుడగు ఆమె భర్త డీడీయు అచట కచేరీలు చేసిరి. స్వీట్ ఎమ్మా బారెట్టు అను పియానో విదుషి 1967లో పక్షవాతముచే ఎడమచేయి పడిపోయినను, కుడిచేతితోనే వాయించెను. అలన్ జాఫీ తానును ట్యూబా యను పెనుబాకా పట్టి వారి నడుమ కూర్చుండెడివాడు. అతడు 1987లో గతించిన పిమ్మట కుమారుడు బెన్ ఆ భారమును స్వీకరించెను. 2005 నాటి తుపాను నగరమును ముంచి వాద్యకారులను చెల్లాచెదరు చేసెను. శాల మూతపడి మరుసటి యేట తిరిగి తెరువబడెను.

ఈ శాల పాటలను పెట్టెలో దాచలేదు, పాడువారిని పోషించినది. పిన్నలు పెద్దల ప్రక్కన కూర్చుండి నేర్చిరి. విద్వాంసుడు గతించిన పిదప విగ్రహము నిలుపుటకన్న, బ్రతికియుండగా ఒక బల్ల, ఒక దీపము, ఒక పూట వేతనము కల్పించుట మేలని నా మనవి.