నత్తల సంతానోత్పత్తి పరీక్ష

నీటిలో కలిసిన పురుగుమందులు, లోహాలు, ఇతర రసాయనాలు మంచినీటి నత్తలను చంపని మోతాదులో ఉన్నా వాటి గుడ్లను, పిల్లలను ఎంత తగ్గిస్తాయో లెక్కగట్టే ప్రయోగశాల పద్ధతి. ఎన్ని నత్తలు చచ్చాయన్నది నాలుగు రోజుల పరీక్షతో తేలిపోతుంది. బతికినవి సంతతిని నిలబెట్టుకోగలవా అన్నది దాంతో తెలియదు. గోదావరి డెల్టాకు ఈ రెండో ప్రశ్నే ముఖ్యం. సార్వా, దాళ్వా చేల నుంచి దిగే నీరు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు వదిలే నీరు, ఊళ్ల మురుగు బోదెలు, డ్రెయిన్ల మీదుగా కొల్లేరుకో సముద్రానికో చేరతాయి. అక్కడి నత్తకు మందు చాలావరకు పల్చగా, పదేపదే తగులుతుంది.

ఈ పరీక్షల మూలాలు సముద్రతీరంలో ఉన్నాయి. ఇంగ్లండులోని ప్లిమత్ తీరాన ఆడ నత్తలకు మగ అవయవం మొలుస్తున్నట్టు 1970లో బ్లేబర్ నమోదు చేశాడు. అప్పట్లో ఓడల అడుగున పూసిన రంగుల్లోని ట్రైబ్యుటైల్ టిన్ దీనికి కారణమని ఎవరు తేల్చారన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. అమెరికాలో స్మిత్ 1981లో ప్రచురించిన పత్రాలను కొందరు చూపుతారు, 1986లో బ్రయన్, గిబ్స్ బృందం చేసిన పనిని మరికొందరు. కారణాన్ని ముందు పట్టుకున్నది స్మిత్, నత్తల సంఖ్య పడిపోవడంతో దాన్ని గట్టిగా ముడిపెట్టింది రెండో బృందం అనుకోవడం సబబు. ఆ రంగులను నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం 2001లో కుదిరి 2008లో అమల్లోకి వచ్చింది.

మంచినీటి నత్తలకు ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) 2016లో రెండు మార్గదర్శకాలు వెలువరించింది. 242వది న్యూజిలాండ్ మూలానికి చెందిన పొటమోపైర్గస్ మీద, 243వది లిమ్నియా స్టాగ్నాలిస్ మీద. రెంటికీ గడువు 28 రోజులు. మొదటిది మగతో పనిలేకుండా పిల్లల్ని కనే చిన్న నత్త. గడువు తీరాక గుల్ల పగలగొట్టి, లోపలి సంచిలోని పిండాలను సూక్ష్మదర్శిని కింద లెక్కిస్తారు. రెండోది ఉభయలింగి. గాజుపాత్ర గోడకు అంటించిన గుడ్ల జిగురు ముద్దలను ఊడదీసి లెక్కపెడతారు. వెలుగుకు ఎత్తి చూస్తే గుడ్డు గుడ్డులోనూ పిండం మెల్లగా తిరుగుతూ కనిపిస్తుంది. మందు కలపని పాత్రల్లో నత్తకు కనీసం 8 ముద్దలు రాకపోయినా, 20 శాతానికి మించి చచ్చినా ఆ పరీక్ష చెల్లదు. మందు వల్ల నత్త మేత మానేసినా గుడ్లు తగ్గుతాయి కనుక తిండి లెక్క కూడా రాయాలి.

ఈ రెండు జాతులూ డెల్టాలో లేవు. ఇక్కడి పెద్ద నత్తగుల్ల పైలా. దీనిమీద బైని ప్రషాద్ 1925లో రాసిన గ్రంథం ఇప్పటికీ ఆధారమే. తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో మలాథియాన్ వంటి మందులతో దీనిమీద పరిశోధనలు జరిగాయి. వాటిలో శ్వాసక్రియ, విసర్జన, ఎంజైముల లెక్కలే ఎక్కువ, గుడ్ల లెక్క తక్కువ. పాత పత్రాల్లో పైలా గ్లోబోసా అని ఉన్నది కొన్నిచోట్ల దక్షిణాది జాతి పైలా వైరెన్స్ కావచ్చు. గుర్తింపుకు ఎన్.వి. సుబ్బారావు 1989లో భారత జంతు సర్వే తరఫున వెలువరించిన పుస్తకం నమ్మదగినది.

పైలా పరీక్షకు అంత తేలిగ్గా లొంగదు. ఆడ, మగ వేరు. గుడ్లను నీళ్లలో కాక గట్టున తడిమట్టిలో, గుంటల్లో పెడుతుంది. పాఠ్యగ్రంథాల ప్రకారం ఒక్కో కుప్పకు 200 నుంచి 800. అందుచేత నిండా నీళ్లు పోసిన తొట్టిలో గుడ్లు రాకపోతే తప్పు మందుది కాకపోవచ్చు. పాత్రలో తడిమట్టి వాలు కల్పించాలి. నీటిలోని విషం గుడ్డుకు తల్లి ద్వారానే ఎక్కువగా చేరుతుంది. గట్టు మీద చల్లే కలుపుమందు మాత్రం నేరుగా తగలవచ్చు.

పిల్లల్ని కనే బెల్లమియా బెంగాలెన్సిస్‌కు పొటమోపైర్గస్ పద్ధతి సరిపోతుంది. మగవాటిని కుడి స్పర్శశృంగం లావును బట్టి ముందే ఏరేయాలి. గాజుకు గుడ్లు అంటించే లిమ్నియా ల్యూటియోలా అన్నిటికన్నా అనువైనది. అయితే లిమ్నియాలు పశువుల కార్జపు జలగల వంటి పరాన్నజీవులకు ఆశ్రయం. అవి సోకిన నత్త గుడ్లు తగ్గిస్తుంది, ఒక్కోసారి పూర్తిగా మానేస్తుంది. బోదెలో పట్టి తెచ్చినవాటిపై నేరుగా పరీక్ష పెడితే జలగ చేసిన నష్టం మందు ఖాతాలో పడుతుంది. ప్రయోగశాలలో పుట్టిన తరాన్నే వాడాలి.

ఉష్ణోగ్రత అసలు చిక్కు. పైలా కుటుంబానికే చెందిన మారిసా నత్తలు ప్లాస్టిక్ తయారీ రసాయనం బిస్ఫినాల్-ఏ వల్ల మితిమీరి గుడ్లు పెడతాయని జర్మనీలో ఓల్‌మన్ బృందం 2000లోను, 2006లోను ప్రకటించింది. ఫోర్బ్స్ బృందం 2007లో దాన్ని కాదంది. ఈ రెండో పనికి పరిశ్రమ నిధులు ఉన్నాయి. నీటి వెచ్చదనాన్ని బట్టి గుడ్ల సంఖ్య ఎలా మారుతుందన్నది వాదనలో కీలకమైంది. ఓఈసీడీ పరీక్షలు జరిగేది 16, 20 డిగ్రీల దగ్గర. డెల్టా కాలువ నీరు ఏడాదిలో ఎక్కువ కాలం అంతకన్నా వెచ్చగా ఉంటుంది. ఆ అంకెలను ఇక్కడికి యథాతథంగా తేవడం సరికాదు.

ఉష్ణోగ్రతలాగే నీటి కఠినత్వమూ ముఖ్యం. చెరువుల్లో నాచుకు, నత్తలకు వాడే మైలుతుత్తంలోని రాగి విషం నీటి కఠినత్వం పెరిగేకొద్దీ తగ్గుతుంది. నీటి నమూనా వెంట కఠినత్వం, ఉష్ణోగ్రత, తేదీతోపాటు అప్పటికి కాలువ పారుతోందా, కట్టేశారా అన్నదీ రాయాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి కనుక, అంతకుముందు పశ్చిమ గోదావరిగా రాసిన కొల్లేరు నమూనాల్లో చాలావాటిని ఇప్పుడు ఏలూరు జిల్లా కింద వెతకాలి.