కొమ్ముపై చెక్కిన శాసనం

శాసనమనగానే ఆలయ ప్రాకారంపై శిలాలేఖనమో, రాజు వేయించిన రాగిరేకో మనకు స్ఫురిస్తుంది. 18వ శతాబ్దపు అమెరికాలో సామాన్య సైనికుడి పేరు నిలిపిన శాసనఫలకం పశువుల కొమ్ము.

ఆనాటి తుపాకిలో తూటాతోపాటు మందును కూడా దట్టించాలి. సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన ఆ మందు తడిస్తే పనికిరాదు. నిప్పురవ్వ తగిలితే ప్రాణాంతకం. కొమ్ము తేలికైనది, నీటిని చొరనీయదు, రవ్వ పుట్టించదు. అందుచేత వెడల్పైన చివరను చెక్కతో మూసి, మొనకు రంధ్రం చేసి, బిరడా బిగించి, దానిని భుజానికి వేలాడదీసుకొనేవారు. 1775 ఆగస్టులో, బోస్టన్‌ను ముట్టడించిన తన సేన వద్ద మనిషికి సుమారు 9 తూటాలకు సరిపడే మందే మిగిలిందని జార్జి వాషింగ్టన్ గ్రహించాడు. కొమ్ములోని గుప్పెడు పొడి విలువ అంతటిది.

కొందరు సైనికులు శిబిరంలో తీరిక వేళల తమ కొమ్ములపై పేరు, ఊరు, సంవత్సరం చెక్కుకొనేవారు; మరికొందరు నేర్పరులైన పనివారిచేత చెక్కించుకొనేవారు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి 1937లో చేరిన గిల్బర్ట్ సేకరణలో ఇటువంటి కొమ్ములు ఉన్నాయి. ఆ కాలపు కొమ్ములు కొన్నింటిపై హడ్సన్, మోహాక్ నదులు, వాటి తీరాల కోటలు పటంలా కనిపిస్తాయి.

వాషింగ్టన్ నగరంలోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, సంస్కృతుల జాతీయ మ్యూజియంలో 1777 నాటి కొమ్ము ఒకటి ఉంది. అది కనెక్టికట్‌లోని గ్లాస్టన్‌బరీకి చెందిన నల్లజాతి సైనికుడు ప్రిన్స్ సింబోది. దానిపై అతని పేరుతోపాటు ‘లిబర్టీ’, అనగా స్వేచ్ఛ, అనే మాట ఉంది. అప్పటికి కనెక్టికట్‌లో బానిసత్వం చట్టసమ్మతమే. క్రమవిముక్తి చట్టం 1784లో వచ్చింది. బానిసత్వం పూర్తిగా రద్దయినది 1848లో. దేశ స్వేచ్ఛకై పోరిన ఆ సైనికుని జాతికి స్వేచ్ఛ ఇంకా దూరంగానే ఉండగా, ఆ మాట కొమ్ముపైకి ఎక్కింది.

ఈ కొమ్ము తెలుగువారికి అమరావతిని తలపిస్తుంది. అక్కడి స్తూపానికి విధికుడనే చర్మకారుడు కుటుంబంతో కలిసి పూర్ణకుంభం చెక్కిన ఫలకాన్ని సమర్పించాడు. అతని పేరు, వృత్తి ఆ రాతిపై ఉన్నాయి. రాజుల చరిత్రను ఇతరులు వ్రాసిపెడతారు. విధికుడు, సింబో వంటివారు మనకు తెలియడానికి రాతిమీదనో, కొమ్ముమీదనో నిలిచిన కొద్దిపాటి అక్షరాలే ఆధారం. మ్యూజియానికి వెళ్ళినప్పుడు తుపాకుల పక్కనున్న కొమ్ము దగ్గర కాసేపు ఆగి, దానిపై ఉన్న పేరును పిల్లలచేత చదివించండి.