గాలమును ఎఱయు: మెట్టసీమ చెఱువుల పాతకథ

అనంతపురపు మెట్టభూమిని గూర్చి ప్రసంగించువారు కఱవును గూర్చి చెప్పుదురు గాని మీలను గూర్చి చెప్పరు. ఏటికి సగటున 22 అంగుళముల వాన మాత్రమే కురియు సీమలో గాలపు వేటకు చరిత్ర యెక్కడిదని పెద్దలు కొందఱు నవ్వవచ్చును. కాని చెఱువున్నచోట మీనుండును. మీనున్నచోట గాలము పట్టినవా డుండును. ఈ సీమవారికి చెఱువులు కట్టుట వెన్నతో బెట్టిన విద్య.

ముందు మాటను విచారింతము. మీనును మోసపుచ్చుటకు గాలమునకు గ్రుచ్చు మేతను మనవారు ఎఱ యందురు. వానపామును పల్లెలలో ఎఱ్ఱ యందురు. ఈ రెండు మాటలు నింత దగ్గఱగా నుండుటకు కారణము వెదుక బనిలేదు. అన్ని యెఱలలోను పాతది వానపామే. "ఎఱ చూపుట" యను పలుకుబడి గాలము నెన్నడును పట్టనివారి నోటను వినబడుచున్నది.

సంస్కృతమున గాలమునకు బడిశ మని పేరు. మహాభారతమున విదురుడు ధృతరాష్ట్రునకు నీతి చెప్పుచు, మంచి మేతలో దాగియున్న యినుపగాలమును మీను మ్రింగుటను ఉపమానముగా జూపెను. వినువారికి గాలము తెలియనిదే యా యుపమానము పొసగదు గదా! అయితే గాలపు వేటను శాస్త్రముగా వ్రాసినవాడు మన కింకను దగ్గఱివాడు. కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు 1129వ సంవత్సర ప్రాంతమున మానసోల్లాస మను గ్రంథమును రచించెను. నొళంబుల రాజధానియై వెలసిన హేమావతి మన సీమలోనిదే. నొళంబవాడి యా కాలమున చాళుక్యుల యేలుబడిలో నుండెను. నూఱధ్యాయముల యా గ్రంథమున, రాజుల వినోదముల నడుమ మత్స్యవినోద మను నధ్యాయ మొకటి కలదు. అందు 35 జాతుల మీల పేర్లును, అవి తిను మేతలును, గాలముతో వానిని బట్టు విధమును చెప్పబడినవి. మీలకు ముందుగా మేత పెట్టి మచ్చిక చేయుటను సయితము రాజు విడువక వ్రాసెను. మీనశాస్త్రవేత్త సుందర్ లాల్ హోరా 1951లో ఈ యధ్యాయమును గూర్చి వ్యాసము వ్రాసి పండితలోకమునకు తెలిపెను. ఏనుగుల శాస్త్రమును, రత్నశాస్త్రమును చెప్పిన రాజు చెఱువుగట్టున కూర్చుండువాని పనిని గూడ చిన్నచూపు చూడకుండుట నాకు ముచ్చటగా దోచును.

ఇక మన చెఱువులు. మొదటి బుక్కరాయల దివానగు చిక్కప్ప ఒడయరు 1364లో పండమేటి కడ్డముగా కట్ట వేయించెననియు, బుక్కరాయసముద్రము, అనంతసాగరము అను నూళ్ల కా రాజు పేరును, రాణి పేరును పెట్టెననియు పెద్దలు చెప్పు గాథ. బుక్కపట్టణము, ధర్మవరము, పరిగి చెఱువులు గూడ పేరెన్నిక గన్నవే. అవి 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. ఈ చెఱువులన్నియు పైరు కొఱకు కట్టినవి, మీల కొఱకు గాదు. అయినను నీరు నిండిన యేడు బెస్తవారి వలలును, పిల్లల గాలములును గట్లపై గనబడుచుండెడివి.

గాలపు వేటకు గావలసిన సాధనము లన్నియు ఊరి పొలిమేరలోనే దొరకెడివి. సన్నని వెదురు కోల. జిల్లేటి నారతో గాని చాగనారతో గాని పేనిన త్రాడు. జిల్లేడు కఱవునాడును పచ్చగా నుండును. దాని నార నీటిలో నానినను త్వరగా చివుకదు. తేలుటకు జొన్నదంటు బెండు, లేదా నెమలియీక కాడ. కొలిమిలో వంచిన యినుపగాలము. అంగడికి పోవలసిన వస్తువొక్కటియు లేదు.

ఎఱల సంగతి యంత సులభము గాదు. మన చెఱువుల నీరు ఎఱ్ఱమట్టి కలిసి మడ్డిగా నుండును. అట్టి నీటిలో మీనునకు కన్ను పనిచేయుట తక్కువ. వాసనయు, కదలికయు తెలియుట యెక్కువ. అందుచేతనే జెల్లలకును, మార్పులకును వాసనగల వానపామును మించిన యెఱ నేటికిని లేదు. వేసవిలో వానపాము దొరకుట కష్టము. కపిలబావి కాలువ ప్రక్కను, పెంటదిబ్బ క్రింది తడిలోను త్రవ్వవలెను. ఆకులు, నాచు, పిండి తిను మీలకు రాగిసంగటి ముద్దయు, గానుగచెక్కతో కలిపిన పిండియు పెట్టుదురు. నువ్వుల చెక్క పాతది. ఇరువదవ శతాబ్దమున వేరుసెనగ పైరు ఈ సీమ నంతయు నాక్రమించిన పిమ్మట ఆ చెక్క దాని స్థానమును పుచ్చుకొన్నది. మనుష్యుల పంట మాఱగా మీల మేతయు మాఱినది. తొలకరి జల్లునకు పుట్టలనుండి ఉసిళ్లు లేచిన సాయంకాలము మాత్రము పిండిముద్దలను ఇంట విడిచి రావచ్చును. ఆ వేళ మీలు నీటిపైకి వచ్చి రెక్కల పురుగులనే యేరుకొనును.

విదేశములలో ఎఱ మఱియొక త్రోవ త్రొక్కినది. అచ్చట చెఱువులును, ఏఱులును పెక్కుచోట్ల తేటగా నుండుటచేత మెఱుపుతో మోసపుచ్చు లోహపు టెఱలు పుట్టినవి. అమెరికాలో జూలియో బ్యూయెల్ చెంచా తలవంటి లోహపు రేకునకు గాలము తగిలించి 1852లో హక్కుపత్రము పొందెను. ఫిన్లాండు దేశపు జాలరి లౌరి రాపాలా 1936లో బెండుముక్కను చెక్కి, పైన మెఱుగుకాగితము చుట్టి, గాయపడిన చిఱుమీనువలె ఈదు నెఱను చేసెను. మన దేశమున ఈ విద్యను పుస్తకరూపమున బెట్టినవాడు మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి హెన్రీ సల్లివన్ థామస్. ఆయన 1873లో భారతదేశపు గాలపువేటను గూర్చి యొక గ్రంథమును, 1887లో చెఱువుల వేటను గూర్చియే మఱియొక గ్రంథమును ప్రకటించెను. నదులలోని తేటనీటి వేటకును, చెఱువు వేటకును వేఱువేఱు పుస్తకములు వ్రాయవలసివచ్చుటయే, ఒకచోటి యెఱ మఱియొకచోట చెల్లదనుటకు సాక్ష్యము. పెన్న మడుగులలో నీరు తేఱిన దినములలో మెఱుగురేకు పనిచేయవచ్చును. కొత్తనీరు చేరిన చెఱువులో అది మట్టిలో పడిన కాసువంటిది.

మెట్టసీమకు తగిన మీను కొరమీను. అది నీటిపైకి వచ్చి గాలి పీల్చును, పీల్చనీకున్న చచ్చును. చెఱువెండిన పిమ్మట తడిబురదలో దూఱి కొంతకాలము ప్రాణము నిలుపుకొనగలదు. వాన పడిన మఱునాడే యెండిన చెఱువులో మీలు కనబడగా ఆకాశమునుండి రాలినవని కొందఱనుకొందురు. వానిలో పెక్కు క్రిందినుండి లేచినవే. దీనికి పాతయెఱ కప్ప. బ్రతికిన చిన్నకప్పను గాలమునకు దగిలించి నాచుమీద నెగురనిచ్చిన కొరమీను పెద్ద చప్పుడుతో వచ్చి పట్టును. నేడు పట్టణపు అంగళ్లలో అమ్ము రబ్బరుకప్పలు ఈ పల్లెటూరి యెఱకు నకళ్లే.

ఇక్కడ ఒక సంగతి పెద్దలు గమనింపవలెను. కొరమీను పిల్లలు ఎఱ్ఱని గుంపుగా నీటిపై తిరుగుచుండగా తల్లిదండ్రు లా గుంపును కాచుచుండును. అప్పుడు గుంపు నడుమ ఏ యెఱ వేసినను పెద్దమీను ఆకలిచేత గాక కోపముచేత కఱచును. వేటగానికి ఇంతకంటె సులభమైన పని లేదు. చెఱువునకు ఇంతకంటె నష్టము లేదు. కాచువారు పోయిన గడియనుండి ఆ పిల్లలు తక్కిన మీలకును, పక్షులకును ఆహారము. ఏటేట నీరు నిలువని చెఱువులో ఒక యీడు పిల్లలు పోయిన మరల రెండు మూడేండ్ల వఱకు విత్తనము దొరకకపోవచ్చును. ఇట్టి వేటను నేర్పనుటకు నాకు నోరు రాదు.

గాలమును మించిన కీడు విషము. మంగకాయ నూఱి కలుపుట, చెముడు పాలు పోయుట పాతవాడుకలే. తరువాత తుపాకిమందును వచ్చినది. 1897వ సంవత్సరపు నాలుగవ చట్టము నీటిలో మందు ప్రేల్చి గాని విషము కలిపి గాని మీలను చంపువారికి రెండు నెలల వఱకు చెఱసాలయో, 200 రూపాయల వఱకు జుల్మానాయో విధించినది. తమిళదేశపు శాసనములలో చెఱువుమీల పాటసొమ్మును పూడిక తీయుటకు వినియోగించినట్లు వ్రాతలు గలవు. మీల వలన వచ్చిన ధనము మీలుండు నీటికే చేరుట! చెఱువు పాట పెట్టునప్పు డీ మాట ఊరిలో నొకరైన నెత్తిన బాగుండును.

1953లో తుంగభద్ర యానకట్టనుండి నీరు విడువబడిన పిమ్మట, ఎగువకాలువ మూలమున ఆ నది నీరు మన జిల్లాకు వచ్చినది. నీటితో మీలును వచ్చినవి. నార త్రాళ్లు పోయి నైలాను దారములు వచ్చినవి. వానపామును, సంగటిముద్దయు, కప్పయు మాత్రము పోలేదు.

బావులలో కొరమీలను విడిచి పెంచుట దక్షిణదేశమున పాతవాడుక. చెఱువున నీరు తగ్గినప్పుడు నాలుగు మీలను కుండలో తెచ్చి దిగుడుబావిలో విడిచినవారు వానికి వేసవిలో మిడుతలను వేయుదురు. బావిమెట్టుపై నిలిచి దారమునకు మిడుతను గట్టి నీటిపై నాడించిన చాలును. చీకటిలోనుండి నల్లనితల మెల్లగా పైకి లేచును.